సాప్స్‌తో ఎన్‌క్రిప్ట్ చేసిన పాస్‌వర్డ్ టెర్రాఫామ్ స్టేట్‌లో ఉన్నదున్నట్టు కనిపిస్తోంది. ఎలా ఆపాలి?

గోదారిగట్టు (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మా సెటప్: టెర్రాఫామ్ (క్లౌడ్‌లో సర్వర్లు, డేటాబేస్‌లను కోడ్‌తో కట్టే సాధనం) 1.9, ఏడబ్ల్యూఎస్ ముంబై రీజియన్, ఒక ఆర్‌డీఎస్ (ఏడబ్ల్యూఎస్ నడిపే డేటాబేస్) పోస్ట్‌గ్రెస్, దాని మీద నడిచే నాలుగు సర్వీసులు. స్టేట్ (కట్టినవాటి వివరాలు టెర్రాఫామ్ రాసుకునే ఫైల్) ఎస్3 బకెట్‌లో, అంటే ఏడబ్ల్యూఎస్ ఫైల్ స్టోరేజ్‌లో ఉంది, బకెట్‌కి వెర్షనింగ్ ఆన్‌లో ఉంది. సీక్రెట్లన్నీ ఒకే యామల్ ఫైల్‌లో రాసి, కేఎంఎస్ (ఏడబ్ల్యూఎస్‌లో కీలు దాచే సర్వీసు) కీతో సాప్స్ (ఫైల్‌లోని విలువలను ఎన్‌క్రిప్ట్ చేసే సాధనం) ద్వారా ఎన్‌క్రిప్ట్ చేసి గిట్‌లో పెట్టాం. ఆ ఫైల్‌ని టెర్రాఫామ్ సాప్స్ ప్రొవైడర్ (ప్లగిన్) ఇచ్చే డేటా సోర్స్‌తో, అంటే బయటి విలువను చదివే బ్లాక్‌తో చదివి, పాస్‌వర్డ్‌ని డేటాబేస్ రిసోర్స్‌కి ఇస్తున్నాం. అవసరమైన చోటల్లా సెన్సిటివ్ = ట్రూ పెట్టాం.

ఇంత చేశాక స్టేట్ పుల్ కొట్టి వెతికితే పాస్‌వర్డ్ మామూలు అక్షరాల్లోనే దొరికింది. మరి గిట్‌లో ఎన్‌క్రిప్ట్ చేసి లాభమేంటి? సాప్స్ మానేసి సీక్రెట్స్ మేనేజర్‌కి (సీక్రెట్లు దాచే ఏడబ్ల్యూఎస్ సర్వీసు) మారిపోవాలా? దీనితో పాటు ఇంకో రెండు: రెండు బ్రాంచ్‌లు ఒకే సీక్రెట్ ఫైల్ మారిస్తే మెర్జ్ తర్వాత మ్యాక్ (ఫైల్ మారలేదని చూసే ముద్ర) సరిపోలలేదని ఎర్రర్ వస్తోంది. టీమ్ నుంచి ఒకరు వెళ్లిపోతే కీల విషయంలో ఏం చేయాలో కూడా స్పష్టంగా తెలియాలి.

తాళంగుత్తి

స్టేట్ సంగతి ముందు చూద్దాం, అసలు లీకు అక్కడే ఉంది.

సాప్స్ కాపాడేది గిట్‌లో ఉన్న ఫైల్‌ని మాత్రమే. డేటా సోర్స్ ఆ ఫైల్‌ని చదివిన క్షణం నుంచి లోపలి విలువ టెర్రాఫామ్‌కి మామూలు స్ట్రింగే. టెర్రాఫామ్ రిసోర్సుల విలువలనే కాదు, డేటా సోర్సులు చదివినవి కూడా స్టేట్‌లో రాసుకుంటుంది. అంటే మీ స్టేట్‌లో డేటాబేస్ పాస్‌వర్డ్ ఒక్కటే లేదు. ఆ యామల్‌లో ఉన్న ప్రతి సీక్రెట్టూ, మీరు ఏ రిసోర్సుకీ ఇవ్వనివి కూడా, జేసన్‌లో పడి ఉన్నాయి. స్టేట్‌ని సాప్స్_ఫైల్ అనే పేరుతో వెతకండి, కనిపిస్తాయి.

సెన్సిటివ్ = ట్రూ దీన్ని ఆపదు. వేరియబుల్స్‌కి 0.14 వెర్షన్‌లో వచ్చిన ఈ గుర్తు చేసే పని ఒక్కటే: ప్లాన్, అప్లై తెర మీద విలువకు బదులు ‘సెన్సిటివ్ వాల్యూ’ అని చూపించడం. అవుట్‌పుట్ కమాండ్‌కి జేసన్ ఫ్లాగ్ ఇస్తే సెన్సిటివ్ అవుట్‌పుట్ కూడా పూర్తిగా బయటికి వస్తుంది.

పరిష్కారం 1.11 వెర్షన్‌కి వెళ్లడం. 1.10లో ఎఫెమరల్ (తాత్కాలిక) విలువలు వచ్చాయి, 1.11లో రైట్-ఓన్లీ (రాయడానికే తప్ప దాచుకోని) ఆర్గ్యుమెంట్లు వచ్చాయి. మీకు రెండూ కావాలి. ఎఫెమరల్ బ్లాక్‌తో చదివిన విలువ ఆ రన్ జరిగినంతసేపు మెమరీలో ఉంటుంది తప్ప స్టేట్‌లోకీ ప్లాన్ ఫైల్‌లోకీ వెళ్లదు. అయితే దాన్ని మామూలు ఆర్గ్యుమెంట్‌కి ఇవ్వబోతే టెర్రాఫామ్ ఒప్పుకోదు, ఎఫెమరల్ విలువను ఇక్కడ వాడకూడదని ఎర్రర్ ఇస్తుంది. అందుకే అవతలి వైపు రైట్-ఓన్లీ ఆర్గ్యుమెంట్ ఉండాలి.

మీ కోడ్‌లో మారేవి ఇవి. సాప్స్ ప్రొవైడర్‌ని ఎఫెమరల్ ఉన్న కొత్త వెర్షన్‌కి తీసుకెళ్లి, డేటా బ్లాక్‌ని ఎఫెమరల్ బ్లాక్‌గా మార్చండి. డేటాబేస్ రిసోర్స్‌లో పాస్‌వర్డ్ అనే లైన్ తీసేసి, పాస్‌వర్డ్_డబ్ల్యూఓ అని రాసి ఎఫెమరల్ విలువ ఇవ్వండి. దాని కిందే పాస్‌వర్డ్_డబ్ల్యూఓ_వెర్షన్ = 1 పెట్టండి. పాత డేటా బ్లాక్ ఒక్కటి ఎక్కడైనా మిగిలిపోయినా ఫైల్ మొత్తం మళ్లీ స్టేట్‌లోకి వస్తుంది, కాబట్టి మాడ్యూళ్ల లోపల కూడా వెతకండి.

ఆ వెర్షన్ అంకె దగ్గర చాలామంది పొరబడతారు. రైట్-ఓన్లీ విలువ స్టేట్‌లో ఉండదు గనుక, పాతదేదో కొత్తదేదో పోల్చుకునే దారి టెర్రాఫామ్‌కి లేదు. సాప్స్ ఫైల్‌లో పాస్‌వర్డ్ మార్చి ప్లాన్ కొడితే ‘మార్పులేమీ లేవు’ అంటుంది. అంకెను 1 నుంచి 2 చేస్తేనే కొత్త పాస్‌వర్డ్ ఆర్‌డీఎస్‌కి వెళ్తుంది. సీక్రెట్ మార్చే కమిట్‌లోనే అంకె కూడా మారాలన్నది రివ్యూలో తప్పనిసరి చేయండి.

ఇక శుభ్రం చేసే పని. వరుస ముఖ్యం. ముందు పైన చెప్పిన మార్పు అప్లై చేయాలి, ఆ తర్వాతే పాస్‌వర్డ్ మార్చాలి. తిరగేసి చేస్తే కొత్త పాస్‌వర్డ్ కూడా స్టేట్‌లో పడుతుంది. మీ బకెట్‌కి వెర్షనింగ్ ఉంది కాబట్టి పాత స్టేట్ కాపీలన్నిటిలో పాత విలువలు అలాగే ఉన్నాయి. వాటికోసం బకెట్‌లో పాత వెర్షన్లను కొన్నాళ్లకు తీసేసే లైఫ్‌సైకిల్ రూల్ పెట్టండి. కానీ దాన్ని నమ్ముకుని పాస్‌వర్డ్ మార్చకుండా ఉండొద్దు. ఆ యామల్‌లో ఉన్న ప్రతి టోకెన్‌నీ మార్చాల్సిందే, ఇందులో దగ్గరి దారి లేదు.

ప్లాన్ ఫైల్ సంగతీ చూసుకోండి. ప్లాన్‌ని అవుట్ ఫ్లాగ్‌తో సేవ్ చేస్తే వచ్చేది బైనరీలా కనిపించే ఒక జిప్ ఫైల్. విప్పితే లోపల స్టేట్ కాపీ ఉంటుంది. పైప్‌లైన్‌లో (కోడ్‌ని తనంతట తనే అప్లై చేసే జాబుల వరుస) దాన్ని ఆర్టిఫాక్ట్‌గా దాస్తుంటే, రెపో చూడగలిగేవాళ్లకు స్టేట్‌ని కూడా ఇచ్చినట్టే. టీఎఫ్_లాగ్‌ని ట్రేస్‌లో (అన్నీ రాసే లాగ్ స్థాయి) పెట్టి నడిపిన జాబుల లాగ్‌లు కూడా ఒకసారి తిరగేయండి.

నడిఝాము

సాప్స్ భాగం నేను చెప్తాను.

ఎర్రర్ ఎందుకొస్తుందో అర్థం కావాలంటే ఫైల్ లోపల ఏముందో చూడాలి. ఎన్‌క్రిప్ట్ అయిన ఒక లైన్ ఇలా ఉంటుంది:

పాస్‌వర్డ్: ఈఎన్‌సీ[ఏఈఎస్256_జీసీఎం,డేటా:…,ఐవీ:…,ట్యాగ్:…,టైప్:స్టర్]

ఎడమవైపు పేరు మామూలుగానే ఉంటుంది, కుడివైపు విలువ మాత్రమే ఎన్‌క్రిప్ట్ అవుతుంది. ఫైల్ మొత్తానికి ఒకే డేటా కీ, 256 బిట్లది. ఆ డేటా కీని కేఎంఎస్ ఎన్‌క్రిప్ట్ చేసి ఫైల్ చివర సాప్స్ సెక్షన్‌లో పెడుతుంది. అదే సెక్షన్‌లో మ్యాక్ అనే లైన్ ఉంటుంది. అది ఫైల్‌లోని విలువలన్నిటి మీదా వేసిన ముద్ర. రెండు బ్రాంచ్‌లు చెరో విలువా మారిస్తే గిట్ రెండు మార్పులనూ కలపగలదు గానీ, ఆ కలిసిన విలువలకు సరిపోయే మ్యాక్ రెండు బ్రాంచ్‌లలోనూ లేదు. ఎర్రర్ వచ్చేది అందుకే. అది సాప్స్ లోపం కాదు, అది ఉన్నదే అందుకు.

సులువైన దారి: కాన్‌ఫ్లిక్ట్‌ని చేత్తో కలపొద్దు. ఒక బ్రాంచ్ ఫైల్‌ని పూర్తిగా తీసుకుని, సాప్స్ ఎడిట్‌తో తెరిచి, రెండో బ్రాంచ్‌లోని విలువ చేర్చి సేవ్ చేయండి. మార్పులు ఎక్కువుంటే రెండో దారి ఉంది. కాన్‌ఫ్లిక్ట్ గుర్తులు తీసేసి, మ్యాక్, లాస్ట్‌మాడిఫైడ్ లైన్లు రెండూ ఒకే వైపువి ఉంచి, ఇగ్నోర్-మ్యాక్ ఫ్లాగ్‌తో తెరవండి. లోపల ఏదో ఒకటి నిజంగా మార్చి సేవ్ చేస్తేనే కొత్త మ్యాక్ పడుతుంది. ఏమీ మార్చకపోతే ‘ఫైల్ మారలేదు’ అని చెప్పి బయటికొచ్చేస్తుంది. ఇంకో సంగతి: రెండు బ్రాంచ్‌లలో ఒకటి డేటా కీని రొటేట్ చేసి ఉంటే ఈ రెండో దారి పనిచేయదు. అవతలి వైపు విలువలు వేరే కీతో ఉంటాయి.

అసలు మీ తలనొప్పికి సగం కారణం సీక్రెట్లన్నీ ఒకే ఫైల్‌లో ఉండటం. సర్వీసుకొకటి, ఎన్విరాన్‌మెంట్‌కొకటి చొప్పున విడగొట్టండి. ప్రొడక్షన్‌కి వేరే కేఎంఎస్ కీ కూడా పెట్టొచ్చు. రూట్‌లో ఉండే సాప్స్ కాన్ఫిగ్ ఫైల్‌లో క్రియేషన్ రూల్స్ పైనుంచి కిందికి చూస్తుంది, మొదట సరిపోయిన దానితో ఆగిపోతుంది. అన్నిటికీ సరిపోయే రూల్ పైన రాస్తే ప్రొడక్షన్ ఫైళ్లు కూడా డెవ్ కీతో ఎన్‌క్రిప్ట్ అవుతాయి, ఎక్కడా ఎర్రర్ రాదు. ఆ రూల్ ఎప్పుడూ అన్నిటికన్నా కింద ఉండాలి.

చేత్తో లైన్లు కాపీ చేసే అలవాటు ఉంటే మానుకోండి. విలువ ఏ పేరు కింద ఉందో ఆ దారి కూడా ఎన్‌క్రిప్షన్‌లో భాగమే. ఒక పేరు కిందున్న ఈఎన్‌సీ విలువను ఇంకో పేరు కింద అతికించినా, ఎడమవైపు పేరు మార్చినా డీక్రిప్ట్ కాదు. పేరు మార్చాలంటే సాప్స్ ఎడిట్ లోపలే మార్చాలి.

మీరు ముంబై ఒక్కదాన్నే వాడుతున్నారు. కేఎంఎస్ కీ రీజియన్‌కి కట్టుబడి ఉంటుంది. ఏడబ్ల్యూఎస్ హైదరాబాద్ రీజియన్ 2022 నవంబరు నుంచి ఉంది కాబట్టి అక్కడ రెండో కీ తయారుచేసి, రెండు కీల ఏఆర్‌ఎన్‌లూ (ఏడబ్ల్యూఎస్‌లో పూర్తి గుర్తింపు పేర్లు) కామాతో కలిపి ఒకే రూల్‌లో రాయండి. డేటా కీ రెండింటితోనూ విడివిడిగా ఎన్‌క్రిప్ట్ అవుతుంది, ఏ ఒక్కటి అందినా ఫైల్ తెరుచుకుంటుంది. కీ గ్రూప్స్ (కీలను గుంపులుగా రాసే) పద్ధతిలో రాస్తుంటే మాత్రం యామల్ గీతలు (-) జాగ్రత్తగా చూసుకోండి. రెండో కీ ముందు గీత తప్పు చోట పెడితే అది రెండో గ్రూప్ అవుతుంది. అప్పుడు త్రెషోల్డ్ (ఎన్ని గ్రూపులు చాలన్న అంకె) విడిగా చెప్పకపోతే ప్రతి గ్రూప్ నుంచీ ఒక కీ ఉండాల్సిందే. ఆపదలో తెరుచుకోవాలని పెట్టిన రెండో కీ కాస్తా తెరవడానికే అడ్డమవుతుంది.

వెళ్లిపోయిన మనిషి విషయం. కేఎంఎస్ మాత్రమే వాడుతుంటే ఐఏఎంలో (ఏడబ్ల్యూఎస్ అనుమతుల సర్వీసు) ఆ మనిషికి డీక్రిప్ట్ అనుమతి తీసేస్తే ఆ దారి మూసుకుంటుంది, ఫైల్‌లో ఏమీ మారక్కర్లేదు. ఏజ్ అనే ఎన్‌క్రిప్షన్ సాధనం కీలు మనిషికొకటి ఇచ్చి ఉంటే, కాన్ఫిగ్‌లోంచి ఆ పబ్లిక్ కీ తీసేసి ప్రతి ఫైల్ మీదా అప్‌డేట్‌కీస్ నడపాలి. అప్‌డేట్‌కీస్ పాత డేటా కీనే ఉంచుతుంది, అందుకని వెంటనే సాప్స్ రొటేట్ కూడా నడపాలి. ఇవన్నీ చేసినా గిట్ చరిత్రలోని పాత కమిట్‌ని పాత ఏజ్ కీతో ఆ మనిషి ఇప్పటికీ తెరవగలరు. కేఎంఎస్ అయినా, అనుమతి ఉన్న రోజుల్లో తెరిచి చూసుకున్న విలువ ఎక్కడికీ పోదు. కాబట్టి లోపలున్న పాస్‌వర్డులే మార్చాలి. కీ మార్చడం, సీక్రెట్ మార్చడం వేర్వేరు పనులు.

మబ్బుల్లో_సర్వర్

పై ఇద్దరూ చెప్పింది సరైనదే. కానీ డేటాబేస్ పాస్‌వర్డ్ విషయంలో నేనైతే ఇంకో అడుగు వెనక్కి వెళ్తాను: అది అసలు మీ చేతికి ఎందుకు రావాలి? డేటాబేస్ రిసోర్స్‌లో మేనేజ్_మాస్టర్_యూజర్_పాస్‌వర్డ్ = ట్రూ అని ఒక్క లైన్ రాస్తే ఆర్‌డీఎస్ తనే పాస్‌వర్డ్ తయారుచేసుకుని సీక్రెట్స్ మేనేజర్‌లో పెట్టుకుంటుంది. టెర్రాఫామ్‌కి తెలిసేది దాని ఏఆర్‌ఎన్ మాత్రమే. గిట్‌లో లేదు, స్టేట్‌లో లేదు, ప్లాన్‌లో లేదు. సర్వీసు మొదలైనప్పుడు తన ఐఏఎం రోల్‌తో వెళ్లి చదువుకుంటుంది.

దీనికీ ఒక మెలిక ఉంది. ఆ పాస్‌వర్డ్ మామూలుగా ప్రతి 7 రోజులకూ మారుతుంది. సర్వీసు స్టార్టయినప్పుడు ఒక్కసారి చదివి మెమరీలో పెట్టుకునే కోడ్ అయితే వారం వరకు బ్రహ్మాండంగా నడుస్తుంది. ఆ తర్వాత కొత్త కనెక్షన్ తెరవబోయినప్పుడు ఆథెంటికేషన్ ఫెయిల్ అవుతుంది. ఉన్న కనెక్షన్లు నడుస్తూనే ఉంటాయి గనుక అప్పుడొకటి అప్పుడొకటి తప్పుతూ కనిపిస్తుంది, కారణం పట్టుకోవడం కష్టం. ఆథెంటికేషన్ ఎర్రర్ రాగానే సీక్రెట్‌ని మళ్లీ చదివి ఇంకోసారి ప్రయత్నించేలా కోడ్ రాయండి. సర్వీసులకు మాస్టర్ యూజర్ ఇవ్వకుండా విడిగా యూజర్లు చేసుకోవడం ఇంకా మంచిది.

ఖర్చు అడిగేవాళ్లుంటారు కాబట్టి చెప్తున్నా. సీక్రెట్స్ మేనేజర్‌లో సీక్రెట్ ఒక్కింటికి నెలకు 0.40 డాలర్లు, 10,000 కాల్స్‌కి 0.05 డాలర్లు. కేఎంఎస్‌లో మీరు చేసుకున్న కీ ఒక్కింటికి నెలకు 1 డాలర్. సాప్స్ ఫైల్‌కి ఒక్క డీక్రిప్ట్ కాల్ చాలు, లోపల ఎన్ని విలువలున్నా సరే, కాబట్టి కాల్స్ ఖర్చు లెక్కలోకి రాదు. పారామీటర్ స్టోర్ (ఏడబ్ల్యూఎస్‌లో సెట్టింగులు దాచుకునే చోటు) స్టాండర్డ్ రకం ఉచితం, ఒక్కో విలువ 4 కేబీ దాటకూడదు. నాలుగు సర్వీసుల సెట్టింగులకు అది సరిపోతుంది.

డెవ్‌లో తరచూ డిస్ట్రాయ్ చేసి మళ్లీ కట్టేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సీక్రెట్స్ మేనేజర్‌లో తీసేసిన సీక్రెట్ వెంటనే పోదు, మామూలుగా 30 రోజులు ఆగుతుంది. ఆ లోపల అదే పేరుతో మళ్లీ చేయబోతే, ఇది డిలీట్ కోసం షెడ్యూల్ అయి ఉందని అప్లై ఆగిపోతుంది. డెవ్‌లో మాత్రం రికవరీ విండోని 0 చేయండి. ప్రొడక్షన్‌లో వద్దు.

సాప్స్‌ని పూర్తిగా మానేయమని కాదు. బయటి సంస్థలిచ్చే టోకెన్లు, పేమెంట్ గేట్‌వే కీలు వాటంతటవి పుట్టవు, ఎవరో ఒకరు తెచ్చి ఎక్కడో పెట్టాలి. వాటికి గిట్‌లో ఎన్‌క్రిప్టెడ్ ఫైల్ చక్కగా కుదురుతుంది. ఎవరు ఎప్పుడు మార్చారో కమిట్‌లో ఉంటుంది, రివ్యూ ఉంటుంది. అక్కడినుంచి ఎఫెమరల్‌గా చదివి సీక్రెట్స్ మేనేజర్ వెర్షన్ రిసోర్స్‌లో సీక్రెట్_స్ట్రింగ్_డబ్ల్యూఓకి ఇవ్వండి. సర్వీసులు అక్కడ చదువుకుంటాయి.

ఒక్క చోట మాత్రం సీక్రెట్ ఎప్పుడూ పెట్టకండి: ఈసీ2 (ఏడబ్ల్యూఎస్ సర్వర్) యూజర్ డేటా, అంటే సర్వర్ మొదలయ్యేటప్పుడు దానికిచ్చే స్క్రిప్ట్. బేస్64లో కనిపిస్తుంది కదా అని ధైర్యం వద్దు, అది ఎన్‌క్రిప్షన్ కాదు, ఎవరైనా వెనక్కి తిప్పొచ్చు. ఆ మెషీన్‌లో నడిచే ప్రోగ్రామ్ 169.254.169.254 అనే మెటాడేటా చిరునామా నుంచి దాన్ని చదవగలదు, ఇన్‌స్టెన్స్ వివరాలు చూసే అనుమతి ఉన్న ఐఏఎం యూజర్ బయటినుంచే చదవగలరు.

గోదారిగట్టు

అందరికీ చాలా థ్యాంక్స్. డేటాబేస్‌కి మేనేజ్డ్ పాస్‌వర్డ్, మిగతావాటికి సాప్స్ ఎఫెమరల్ అనుకుంటున్నాం. రెండు ప్రశ్నలు మిగిలాయి. ఇంకో ప్రాజెక్టు ఓపెన్‌టోఫు (టెర్రాఫామ్ నుంచి విడిపోయిన ఓపెన్ సోర్స్ సాధనం) మీద ఉంది, అక్కడ స్టేట్‌నే ఎన్‌క్రిప్ట్ చేయొచ్చంటున్నారు. అది చేస్తే ఈ మార్పులు అక్కర్లేదా? రెండోది, పైప్‌లైన్‌కి ఇప్పుడు ఒక యాక్సెస్ కీ గిట్‌హబ్ సీక్రెట్‌గా ఇచ్చాం. అలాగే ఉంచొచ్చా?

తాళంగుత్తి

ఓపెన్‌టోఫు 1.7 నుంచి స్టేట్‌నీ ప్లాన్ ఫైల్‌నీ కూడా ఎన్‌క్రిప్ట్ చేస్తుంది. కీ ఇచ్చేది ఏడబ్ల్యూఎస్ కేఎంఎస్ కావచ్చు, లేదా పాస్‌ఫ్రేజ్‌తో పీబీకేడీఎఫ్2 (పాస్‌ఫ్రేజ్ నుంచి కీ తయారుచేసే పద్ధతి) కావచ్చు. పాస్‌ఫ్రేజ్ కనీసం 16 అక్షరాలుండాలి. టీమ్‌కి కేఎంఎస్ నయం, పాస్‌ఫ్రేజ్ చేతులు మారుతూ చివరికి ఏదో చాట్‌లో తేలుతుంది.

ఉన్న స్టేట్‌ని నేరుగా మార్చబోతే ఇది ఎన్‌క్రిప్ట్ కాలేదని చదవడానికి నిరాకరిస్తుంది. ముందు ఫాల్‌బ్యాక్ బ్లాక్‌లో అన్‌ఎన్‌క్రిప్టెడ్ మెథడ్ పెట్టి ఒకసారి అప్లై చేయండి. చదివేది పాత రూపం, రాసేది కొత్త రూపం. తర్వాత ఫాల్‌బ్యాక్ తీసేసి ఎన్‌ఫోర్స్డ్ = ట్రూ పెట్టండి, ఇక పొరపాటున కూడా మామూలుగా రాయదు. మొదలుపెట్టేముందు స్టేట్ బ్యాకప్ తీసుకుని, పని అయ్యాక దాన్ని చెరిపేయడం మర్చిపోకండి. ఇంకో ప్రాజెక్టు ఈ స్టేట్‌ని రిమోట్ స్టేట్ డేటా సోర్స్‌తో చదువుతుంటే అక్కడ కూడా ఎన్‌క్రిప్షన్ సెట్టింగ్ ఇవ్వాలి.

ఇది బకెట్‌లో ఉన్న కాపీని కాపాడుతుంది. కానీ కీ ఉన్నవాళ్లకు, అంటే అప్లై చేయగలిగే అందరికీ, లోపలిది కనిపిస్తుంది. స్టేట్‌లో పడని సీక్రెట్ దీనికన్నా ఎప్పుడూ మేలే. పాత బకెట్ వెర్షన్ల గురించి చెప్పింది ఇక్కడా వర్తిస్తుంది.

పైప్‌లైన్‌లో శాశ్వతమైన యాక్సెస్ కీ ఉంచొద్దు. అది లీకైతే సాప్స్ ఫైళ్లన్నీ లీకైనట్టే. గిట్‌హబ్ యాక్షన్స్‌లో ఓఐడీసీ (తాత్కాలిక టోకెన్‌తో గుర్తింపు చూపే పద్ధతి) వాడి ఐఏఎం రోల్ తీసుకోండి. వర్క్‌ఫ్లోలో ఐడీ-టోకెన్‌కి రైట్ (రాసే) అనుమతి ఇవ్వాలి, లేకపోతే టోకెనే రాదు. రోల్ ట్రస్ట్ పాలసీలో సబ్ క్లెయిమ్‌ని (టోకెన్ ఏ రెపో, ఏ బ్రాంచ్‌దో చెప్పే భాగం) మీ రెపో పేరుకి, ప్రొడక్షన్ అయితే మెయిన్ బ్రాంచ్‌కి కట్టేయండి. సబ్ దగ్గర సంస్థ పేరు రాసి నక్షత్రం గుర్తు పెడితే మీ సంస్థలోని ఏ రెపో అయినా ఆ రోల్ తీసుకోగలదు. సాప్స్ ఫైళ్లు చదవడానికి ఆ రోల్‌కి కేఎంఎస్‌లో డీక్రిప్ట్ చాలు, ఎన్‌క్రిప్ట్ అక్కర్లేదు.

నడిఝాము

మార్పు మొదలుపెట్టేముందు రెండు చిన్న విషయాలు. టోకెన్‌ని టెర్మినల్లో ఎకోతో ఫైల్‌లోకి పంపితే చివర ఒక న్యూలైన్ కలుస్తుంది. ఎన్‌క్రిప్ట్ అయ్యాక అది కంటికి కనపడదు, అవతలివాళ్లు మాత్రం టోకెన్ తప్పంటారు. ప్రింట్‌ఎఫ్ వాడండి, లేదా సాప్స్ ఎడిట్‌లోనే అతికించండి. అన్నీ అంకెలే ఉన్న పిన్‌లకు, ముఖ్యంగా 0తో మొదలయ్యేవాటికి, కొటేషన్లు తప్పనిసరి. లేకపోతే యామల్ దాన్ని సంఖ్యగా తీసుకుని ముందున్న సున్నా మింగేయొచ్చు, లేదా అష్టాంశ సంఖ్య అనుకుని విలువే మార్చేయొచ్చు. ఈఎన్‌సీ లైన్ చివర టైప్ దగ్గర స్టర్ అని కాకుండా ఇంట్ అని ఉంటే అదే జరిగిందన్నమాట.

ఫైళ్లు విడగొట్టి కొత్త కీలకు మార్చాక పాత కేఎంఎస్ కీని డిలీట్‌కి పెట్టకండి. వెయిటింగ్ 7 నుంచి 30 రోజులే, ఆ తర్వాత ఆ కీతో ఉన్న పాత కమిట్లు ఏవీ తెరుచుకోవు. పాత రిలీజ్‌కి వెనక్కి వెళ్లాల్సిన రోజున అది పెద్ద దెబ్బ. డిసేబుల్ చేసి ఉంచండి. అవసరమైతే మళ్లీ ఎనేబుల్ చేసుకోవచ్చు. డిసేబుల్ చేశాక క్లౌడ్‌ట్రెయిల్‌లో (ఏడబ్ల్యూఎస్ కాల్స్ లాగ్) ఆ కీ మీద ఫెయిలవుతున్న డీక్రిప్ట్ కాల్స్ చూస్తే, మార్చడం మర్చిపోయిన జాబు ఏదైనా ఉంటే దాని రోల్ పేరు అక్కడే దొరుకుతుంది.